అట్టలో మిగిలిన నాలుగు బిళ్ళలు

నాకు చిన్నప్పటినుంచీ లెక్కపెట్టే జబ్బు ఉంది. చర్చిలో ప్రసంగం నడుస్తుంటే పైకప్పు దూలాలు లెక్కపెట్టేదాన్ని. బస్సెక్కితే కిటికీలోంచి కరెంటు స్తంభాలు లెక్కపెట్టేదాన్ని. మిషను బడిలో టీచరుగా పనిచేసే మా నాన్న ఈ జబ్బు చూసి మురిసిపోయి, నన్ను లెక్కల టీచర్ని చేద్దామనుకున్నారు. పరీక్షల్లో నాకొచ్చిన మార్కులు చూశాక మళ్ళీ ఆ ఊసెత్తలేదు. గుంటూరులో నర్సు ట్రైనింగు పూర్తిచేసి, ఎనభైల మొదట్లో వినుకొండ అవతల ఒక పల్లెకు ఏ.ఎన్.ఎమ్.గా వెళ్ళాను. అంటే ఆసుపత్రిలో కూర్చునే నర్సుని కాదు, సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగే నర్సుని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. పెళ్ళి కాలేదు.

పెళ్ళి కాలేదన్న సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఆ ఊళ్ళో నా ఉద్యోగానికి అదే పెద్ద అడ్డం. పిల్లలు చాలనుకునే తల్లులకు ఆపరేషను గురించీ, కొన్నాళ్ళు ఆగుదామనుకునే వాళ్ళకు లూపు గురించీ బిళ్ళల గురించీ చెప్పడం నా పనుల్లో ఒకటి. నలుగురు పిల్లల తల్లి ముందు నిలబడి నేను నోరు విప్పగానే, ఆవిడ పక్కావిడను మోచేత్తో పొడిచేది.

“ముందు నువ్వు పెళ్ళి చేసుకోవే నర్సమ్మా. ఆ తర్వాత మాకు చెబుదువుగాని.”

“చేసుకున్నాక మనకు చెప్పే తీరిక దానికెక్కడుంటదే?”

అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. మొదటి నెల నేనూ నవ్వాను. రెండో నెల నుంచి ఒళ్ళు మండేది. ఇళ్ళలోకి వెళితే అత్తలు, వీధిలో నిలబడితే మగవాళ్ళు. ఎమర్జెన్సీలో జీపు హారను వినిపిస్తే ఆపరేషన్లకు పట్టుకుపోతారని మగవాళ్ళు పొగాకు చేలల్లో దూరిన రోజులు ఆ ఊరికి ఇంకా గుర్తున్నాయి. నా తెల్లచీర కనిపిస్తే చాలు, పక్క సందులోకి తిరిగేవాళ్ళు.

చివరికి నాకు చోటు దొరికింది మిరప కల్లాల్లో. ఊరి బయట కోసిన కాయంతా ఎర్రగా ఆరబోసి ఉంటుంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పోస్తుంటారు. ఆ ఘాటుకు మగవాళ్ళు దగ్గరికి రారు. మొదట్లో నేను గట్టున నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. ఎవరూ తలెత్తలేదు. ఒకరోజు తుమ్ములతో కళ్ళు నీళ్ళు కారుతుంటే చతికిలబడి కూర్చుని, ఊరికే ఉండలేక నేను కూడా తాలుకాయలు ఏరడం మొదలుపెట్టాను. అప్పుడు మాటలు మొదలయ్యాయి. పనిచేసే వాళ్ళు పనిచేసే వాళ్ళతోనే మాట్లాడతారని ట్రైనింగులో మాకెవరూ చెప్పలేదు.

వాళ్ళు అడిగే ప్రశ్నలు వింటే నాకు ఎక్కడలేని ఆసక్తి పుట్టేది. మింగిన బిళ్ళలన్నీ కడుపులో పోగుపడి గడ్డ కడతాయా? మొగుడు ఊళ్ళో లేని రోజు కూడా వేసుకోవాలా? బిళ్ళ వేడి చేస్తుంది కదా, కల్లంలో ఎండకూ మిరప వేడికీ తోడు అదీ వేసుకుంటే మనిషి బతుకుతుందా? మజ్జిగ తాగితే బిళ్ళ బలం చల్లారిపోతుందా? నేను జవాబు చెప్పగలిగినవి చెప్పేదాన్ని. చెప్పలేనివి రిజిస్టరు వెనక పేజీల్లో రాసుకుని, నెలకోసారి మీటింగులో డాక్టరమ్మను అడిగేదాన్ని. మిగతా నర్సులు నన్ను చూసి నవ్వుకునేవాళ్ళు. ముందు పేజీల్లో కేసులు రాసుకోకుండా వెనక పేజీల్లో కబుర్లు రాస్తున్నానని.

ఆమె నాకు కల్లంలోనే పరిచయమైంది. ఊళ్ళో పెద్ద పెంకుటింటి చిన్నకోడలు. ఇరవై ఆరేళ్ళుంటాయి. సొంత కల్లమే అయినా కూలివాళ్ళతో సమానంగా కూర్చుని ఏరేది. ఎవరెన్ని మాట్లాడినా నోరు మెదిపేది కాదు. ఒకరోజు నేను లేచి చీర దులుపుకుంటుంటే కుప్ప వెనక్కి వచ్చి, “ఒక్క మాట నర్సమ్మా” అంది.

ఆమెకు ముగ్గురు పిల్లలు. ఇద్దరాడపిల్లల తర్వాత మగపిల్లాడు. నిరుడు ఆ మూడో కాన్పులో రక్తం ఆగలేదట. ఎడ్లబండిలో రోడ్డు దాకా, అక్కడినుంచి మిరప టిక్కీ బస్తాలు వేసుకుపోయే లారీలో గుంటూరు దాకా తీసుకుపోయారట. ఆమె అన్నదమ్ములు రక్తమిస్తే బతికింది. ఇంటికి పంపేటప్పుడు అక్కడి డాక్టరు, “ఇంకో కాన్పంటే ప్రాణాలకు నేను పూచీ పడలేను” అని ముఖం మీదే చెప్పారట.

“మరి ఆపరేషను చేయించుకోకపోయావా?” అన్నాను.

“ఆయన సంతకం పెట్టాలిగదా. ఒక్క మగపిల్లాడేంటి, ఇంకోడు కావాలంటాడు. ఆపరేషను మాటెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోతాడు. డాక్టరేదో బెదిరిచ్చాడంతే అంటాడు.”

లూపు ఆమెకు పనికిరాదని, రక్తం అసలే తక్కువని అక్కడే చెప్పారట. ఇక మిగిలినవి బిళ్ళలు. ఆమె చుట్టూ చూసి, గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. “మా అత్తకు మాత్రం తెలవగూడదు. తెలిస్తే చంపుద్ది.”

ఆ మాట నేను వెంటనే నమ్మాను. పెంకుటింటి పెద్దమ్మగారి నోరు ఊరందరికీ తెలుసు. నేను ఆ వీధిలో అడుగుపెడితే చాలు, అరుగు మీద నుంచి అందుకునేది. “ఏమే పిల్లా, మళ్ళీ బయల్దేరావా? మా ఇంటో ఒక్కడే మగబిడ్డ, మాకింకా ఇద్దరు కావాల. నీ సంచీ తీసుకుని ముందు వీధికి ఫో!” వీధి చివరి ఇంట్లో పాలు పిండుకునే వాళ్ళకు కూడా వినపడేలా అరిచేది.

మరుసటి గురువారం ఆమెకు మొదటి అట్ట ఇచ్చాను. ఇరవై ఎనిమిది బిళ్ళలు. తెల్లవి ఇరవై ఒకటి, ఎర్రవి ఏడు. పనిచేసేవి తెల్లవే. ఎర్రవి ఇనుము బిళ్ళలు, రక్తం పట్టడానికి. ఎర్రవి వేసుకునే రోజుల్లోనే బహిష్టు వస్తుంది. అవి అయిన మర్నాడే కొత్త అట్ట మొదలు. ఇదంతా ట్రైనింగులో నేర్పిందే. దానికి తోడు నా సొంత తెలివి ఒకటి జోడించాను. కొందరికి బిళ్ళ వేసుకోగానే కడుపులో తిప్పి, మానేస్తున్నారు. అందుకని అందరికీ గట్టిగా చెప్పేదాన్ని: “రాత్రి అన్నం తిన్నాకే వేసుకో. ఖాళీ కడుపున మాత్రం వేసుకోకు.” ఆ మాట చెప్పడం మొదలుపెట్టాక మానేసేవాళ్ళు తగ్గారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అట్ట ఎక్కడ దాస్తావంటే, గేదెల పాక చూరులో అంది. ఆకు మధ్య దోపితే ఎవరికీ కనపడదట.

పాత అట్ట తెచ్చి చూపిస్తేనే కొత్తది ఇస్తానని నాదొక నియమం ఉండేది. సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులకు, గురువారం నాడే, ఆమె నీళ్ళ బిందెతో చెరువు దారిలో ఎదురొచ్చి అట్ట ఇచ్చింది. నాలుగు ఎర్ర బిళ్ళలు మిగిలి ఉన్నాయి. బహిష్టు వచ్చిందా అంటే వచ్చిందంది. ఎర్రవే కదా, చాలామంది అవి మింగరు, పర్వాలేదనుకుని కొత్తది మొదలుపెట్టమన్నాను.

రెండో అట్టలోనూ నాలుగే మిగిలాయి.

మూడో అట్ట తెచ్చినప్పుడు ఆషాఢం దగ్గరపడింది, వానలు మొదలయ్యాయి. ఈసారి అట్ట ఒక చిన్న ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంది. దులిపి చూస్తే మళ్ళీ నాలుగు.

“కవరు మంచి పని చేశావు, తడవకుండా” అన్నాను.

“నేను పెట్టలేదే. నువ్వు ఇచ్చినప్పుడే ఉందనుకున్నా.”

ఇచ్చినప్పుడు లేదని నాకు తెలుసు. కానీ ఆ క్షణాన నా బుర్రంతా ఆ నాలుగు బిళ్ళల మీద ఉంది, కవరు సంగతి అక్కడితో వదిలేశాను. ఎర్రవి ఇష్టంలేని మనిషి ఏడూ వదిలేస్తుంది. మతిమరుపు మనిషి ఒకసారి రెండు, ఒకసారి ఐదు వదిలేస్తుంది. ప్రతిసారీ సరిగ్గా నాలుగే ఎందుకు?

“రోజూ వేసుకుంటున్నావా?”

“నా పిల్లలమీద ఒట్టు నర్సమ్మా. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.”

ఆమె కళ్ళలోకి చూస్తే అబద్ధం కనపడలేదు. అయితే లెక్క తప్పుతోందా? ఐదో తరగతి దాకా చదివింది, కూలివాళ్ళ హాజరు రాసేది తనే. ఇంకెవరికైనా ఇస్తోందా? ఇచ్చేమనిషైతే అట్టంతా ఇస్తుంది గాని, నాలుగు ఎర్రవి మిగిల్చి నాకెందుకు చూపిస్తుంది? ఆ వారం రోజులూ బస్సులో స్తంభాలు లెక్కపెట్టడం మానేసి ఇదే ఆలోచించాను. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు భయం లేదు, ఉత్త కుతూహలమే. పొడుపుకథ విప్పలేకపోతే పిల్లలకు ఉండే ఉక్రోషం ఉంటుందే, అది.

నాలుగో అట్ట గురువారం మొదలైంది. రెండు వారాలు కాబోతుండగా, బుధవారం పొద్దున్నే చిన్నపిల్లల చుక్కల మందు వంకతో పెంకుటింటి వెనక సందులోకి వెళ్ళాను. పెద్దమ్మగారు చేలో పత్తి గింజలు పెట్టించడానికి పోయిందని కనుక్కునే వెళ్ళాను. చిన్నకోడలు ఒక్కతే ఉంది. అట్ట తీసి చూపించమన్నాను.

పదమూడు రాత్రులు గడిచాయి. పదమూడు గుంటలు ఖాళీగా ఉండాలి. వేలితో ఒక్కొక్కటీ తడుముతూ లెక్కపెట్టాను. పదకొండే ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే.

అప్పటికి గాని నా మట్టిబుర్రకు తట్టలేదు. ఆమె అట్టలో వరసగానే మింగుతోంది గాని, మధ్యలో రోజులు వదిలేస్తోంది. అందుకే చివరికి మిగిలేవి ఎర్రవి. తప్పేది మాత్రం తెల్లవి వేసుకోవాల్సిన రోజులు! మూడు నెలలుగా నేను ఎర్రవే కదా అని సరిపెట్టుకుంటున్నాను.

నాకు కోపం వస్తే ముందూ వెనకా చూడను. “ఎవరి ప్రాణాలతో ఆడుకుంటున్నావు? నీవి కావా? మర్చిపోలేదని పిల్లలమీద ఒట్టు పెడతావా?” అని గట్టిగానే అరిచాను. ఆమె పాక గుంజ పట్టుకుని నిలబడి, “నెల తప్పింది నర్సమ్మా” అంది.

పోయిన అట్ట చివర్లో రావాల్సిన బహిష్టు రాలేదట. రెండు వారాలవుతోందట. నాకు చెబితే బిళ్ళలు ఇవ్వడం ఆపేస్తానేమోనని చెప్పలేదట. నేను గేదెల కుడితి తొట్టి అంచు మీద కూర్చుండిపోయాను. ఎదురుగా ఆమె చిన్నకొడుకు మట్టిలో పాకుతున్నాడు.

“సరే” అన్నాను. “కోప్పడను. ఏ రోజు వేసుకోలేదో తెలియాలి నాకు. పోయిన గురువారం నుంచి రోజూ రాత్రి ఏం తిన్నావో చెప్పు.”

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, వేళ్ళమీద చెప్పుకొచ్చింది. గురువారం గోంగూర. శుక్రవారం వంకాయ. ఆదివారం కోడిగుడ్డు పులుసు.

“శనివారం?”

“శనివారం రాత్రి ఏం తింటాం? ఒక్కపొద్దు కదా.”

పగలు ఒక్కపూట తిని, రాత్రి ఏమీ ముట్టకుండా మర్నాడు పొద్దున దాకా ఉండటం. ఆ వైపు ఇళ్ళల్లో ఏడుకొండలవాడికి చాలామంది ఉండే ఒక్కపొద్దే. నేను నోరు తెరిచేలోపే ఆమె అమాయకంగా అంది: “ఖాళీ కడుపున వేసుకోవద్దని నువ్వేగా చెప్పావు?”

నాలుగు వారాలు. నాలుగు శనివారాలు. నాలుగు బిళ్ళలు.

“ఎన్నాళ్ళనుంచి ఉంటున్నావు ఒక్కపొద్దు?”

“నువ్వు బిళ్ళలిచ్చిన వారం నుంచే. ఇంక నీళ్ళోసుకోకుండా చూడు సామీ అని మొక్కుకున్నా. బిళ్ళా, మొక్కూ రెండూ ఉంటే గట్టిగా ఉంటదిగదా అని.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె రెండు తాళాలు వేసుకుంది, ఒక తాళం రెండోదాన్ని తీస్తోంది. తాళం అలా చేసిపెట్టింది మాత్రం నేను. సిగ్గేసింది కూడా. ఉపవాసాలంటే తెలియని ఇంట్లో పుట్టానా? ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాల్లో మా అమ్మ ఉపవాస ప్రార్థనకు పోయిన రోజున బి.పి. బిళ్ళ కూడా వేసుకునేది కాదు. దాని గురించి ఆవిడతో ఎన్నిసార్లు పోట్లాడానో. ఇంట్లో చూసిన సంగతి సంచీ భుజాన వేసుకోగానే నాకెందుకు గుర్తురాలేదో ఇప్పటికీ అర్థంకాదు. నా రిజిస్టరులో ఆమె వయసుంది, పిల్లల సంఖ్య ఉంది, మొగుడి వృత్తి ఉంది. రాత్రి తింటావా అని అడిగే గడి లేదు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆవిడ అంతా విని, బిళ్ళలు వెంటనే ఆపేయించమంది. “కడుపు లేకపోతే వారంలోపు బహిష్టు వస్తుంది. రాకపోతే మాత్రం ఏదో వంకతో నా దగ్గరికి తీసుకురా. ఆలస్యం చేయకు” అంది. తిరుగు బస్సులో వినుకొండ కొండ కనిపించినంతసేపూ ఒకటే ప్రార్థన చేశాను. వేరే మతం మనిషి కోసం, ఆమె దేవుడి ఒక్కపొద్దు వల్ల వచ్చిన చిక్కు తీర్చమని నా దేవుణ్ణి అడగవచ్చా అన్న అనుమానం కూడా వచ్చింది. అడిగాను.

ఆ వారం రోజులూ నాకు ఆ వీధిలోనే పని. టీకాల వంక ఒకరోజు, జ్వరాల వంక ఒకరోజు. పెద్దమ్మగారు అరుగు మీద నుంచి తిడుతూనే ఉంది. నేను తిట్లు వినడంలేదు, ఆవిడ భుజం మీదుగా పాక వైపు చూస్తున్నాను. ఎందుకో చెప్పాలి. ఆ ఇంట్లో ఆడవాళ్ళు బహిష్టయితే మూడు రోజులు బయట, గేదెల పాక పంచన కూర్చోవాలి. వేరే కంచం, వేరే చెంబు, పిల్లల్ని కూడా ముట్టకూడదు. ఆ ఆచారం చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఒకసారి పెద్దమ్మగారితో దానిమీద వాదనకు కూడా దిగాను. “మూడురోజులు కూర్చుంటే నీకేం నెప్పే? ఏడాదంతా చాకిరీ చేసేదానికి ఆ మూడ్రోజులేగా సెలవు” అని నా నోరు మూయించింది.

గురువారం పంచ ఖాళీ. శుక్రవారం ఖాళీ. శనివారం, ఆదివారం ఖాళీ. ఆదివారం చర్చిలో దూలాలు లెక్కపెడుతుంటే ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒక్కోసారి ఒక్కో లెక్క వచ్చింది.

సోమవారం పొద్దున సందు మలుపు తిరిగేసరికి పాక పంచన ఆమె కూర్చుని ఉంది. జడ విప్పి ఉంది. పక్కన వేరే కంచం, చెంబు. చిన్నపిల్లాడు దూరంనుంచి చేతులు చాచి ఏడుస్తున్నాడు, ఆడపడుచు కూతురు వాణ్ణి ఎత్తుకుని పట్టుకుంది. నేను ఏ ఆచారాన్ని చూసి పళ్ళు కొరికేదాన్నో, ఆ ఆచారాన్ని చూసి నడివీధిలో నిలబడి స్తోత్రం అన్నాను. ఆమె నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నేను మాత్రం నవ్వేశాను.

“ఏం చూసే ఇద్దరూ నవ్వుతున్నారు?” లోపలినుంచి పెద్దమ్మగారి గొంతు. ఎందుకో ఆ రోజు తిట్టలేదు.

కొత్త అట్ట ఇచ్చేటప్పుడు చెరువు దారిలో ఆమెతో పదిసార్లు చెప్పించుకున్నాను. శనివారం మాత్రం రాత్రి కాదు, పగలు ఒక్కపూట అన్నం తినగానే వేసుకోవాలి. మొక్కు మానేయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మొక్కు ఆమెది, తప్పు నాది.

శ్రావణమాసంలో, ఇరవై ఎనిమిదో రోజున, నేను చెరువు దారిలో ఎదురుచూశాను. ఆమె రాలేదు. ఏం చేయాలో తోచక గదికి తిరిగివచ్చాను. నేనుండేది ఊరవతలి పేటలో, చర్చి పక్కన అద్దె గది. అదే సబ్ సెంటరు. గుమ్మం ముందు ఎండలో పెంకుటింటి పెద్దమ్మగారు నిలబడి ఉంది.

ఆవిడ పేట వైపు రావడం ఎవరూ చూడలేదట, ఆ రోజుకు ముందు గానీ తర్వాత గానీ. చుట్టుపక్కల గుమ్మాల్లోంచి ఆడవాళ్ళు తొంగిచూస్తున్నారు. అయిపోయింది, తెలిసిపోయింది, ఇప్పుడు ఊరంతా పోగయ్యేలా అరుస్తుంది అనుకున్నాను. ఆవిడ లోపలికి వచ్చి, నేను చూపించకముందే స్టూలు మీద కూర్చుంది.

“మంచినీళ్ళియ్యి” అంది.

ఇచ్చాను. గ్లాసెత్తి గడగడా తాగి, నడుముకు దోపుకున్నదేదో తీసి నా బల్లమీద పెట్టింది. ఆ ప్లాస్టిక్ కవరు నాకు తెలుసు. లోపల అట్ట. తీసి చూశాను. ఇరవై ఎనిమిది గుంటలూ ఖాళీ.

“శనివారం పూట అన్నంలో కూర్చున్నప్పుడు ఇస్తరి పక్కన నేనే పెడుతున్నా” అంది. “అది తలొంచుకుని సిగ్గుపడుద్ది గాని, మింగుద్ది.”

“మీకెప్పుడు తెలిసిందండీ?”

“మొదటి అట్టకే. పొద్దునా మాపునా గేదెను పిండేది నేను. నా పాక చూరులో ఏముందో నాకు తెలవదా? వానకు తడుస్తుంటే కవరు చుట్టింది ఎవరనుకున్నావ్?”

“మరి వీధిలో నన్ను అన్ని తిట్లు...”

“తిట్టకపోతే మావోడికి అనుమానం రాదా?” అని, ఏదో చాలా మామూలు సంగతి చెబుతున్నట్టు కొంగుతో మొహం తుడుచుకుంది. “ఆ నెల అది బయట చేరలేదు. మా ఇంట్లో ఎవరి తేదీ ఎవరూ దాచలేరు. ఆ మూడు వారాలూ నాకు ముద్ద దిగలేదు. దాన్ని అడుగుదామంటే భయపడి బిళ్ళలే మానేసుద్దేమో. నిన్ను అడుగుదామంటే నా నోటికి నువ్వు దగ్గరికి రావు. అది బయట చేరాక గాని నోరు విప్పలేదు నేను, శనివారం సంగతి అప్పుడే చెప్పింది.”

మేమిద్దరం, అత్తా నేనూ, ఒకే పంచను వీధిలో ఇటునుంచి ఒకరం, ఇంట్లో అటునుంచి ఒకరం చూస్తూ కూర్చున్నామన్నమాట. అది తలుచుకుంటే నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

“నేను పదకొండు మందిని కన్నా. ఆరుగురు దక్కారు. నాది గట్టి ఒళ్ళు కాబట్టి మిగిలా. నా చెల్లెలిది కాదు. దీనిలాగే తెల్లగా పాలిపోయి ఉండేది. ఏడో కాన్పుకు పోయింది. మా పెద్దోడి పెళ్ళయిన ఏడాదే. నా ఒళ్ళోనే పోయింది.” బల్లమీది ఖాళీ అట్టను వేలితో తిప్పింది. “ఏమే పిల్లా, ఒకటడుగుతా చెప్పు. ఈ బిళ్ళ అప్పటికి ఉందా?”

నా రిజిస్టరు వెనక పేజీల్లో అన్ని ప్రశ్నలు రాసుకున్నాను గాని, ఇలాంటిది ఎవరూ అడగలేదు. పెద్దకొడుక్కి పదేళ్ళ కూతురుంది, పెళ్ళయి పన్నెండేళ్ళయినా అయి ఉంటుంది. మనసులో లెక్క వేశాను, జబ్బు కదా, ఊరుకోదు. బిళ్ళ ఎప్పుడు పుట్టిందో ట్రైనింగు పుస్తకంలో చదివాను. ఆ చెల్లెలు పోయేనాటికి ఎక్కడెక్కడి దేశాల్లోనో ఆడవాళ్ళు దాన్ని ఏళ్ళ తరబడి వేసుకుంటూనే ఉన్నారు. మన పట్నాల్లో లూపులూ వేస్తూనే ఉన్నారు. ఆ ఊరికి సంచీ భుజాన వేసుకుని వచ్చినవాళ్ళే లేరు.

పెద్దమ్మగారు నా మొహంలోకే చూస్తోంది.

“లేదండీ” అన్నాను. “అప్పటికింకా రాలేదు.”

“నిజంగానేనా?”

“నిజమేనండీ. ఈమధ్యనే వచ్చింది.”

ఆవిడ పెద్దగా ఊపిరి వదిలింది. కొత్త అట్ట అందుకుని, పాత కవర్లోనే జాగ్రత్తగా చుట్టి నడుముకు దోపుకుని లేచింది.

“అంతేలే. ఉందని చెప్పుంటే, ఇక ఈ జన్మకు నాకు ముద్ద దిగేది కాదు” అని, గుమ్మం దిగి ఎండలోకి వెళ్ళిపోయింది.